అమాంగ్ అస్‌లో దొంగను పట్టడం ఎలా? ముఖం కాదు.. లెక్క చూస్తేనే దొరుకుతాడు!

పది మంది ఆటగాళ్లు.. ఒకే అంతరిక్ష నౌక.. అందులో ఇద్దరు దొంగలు. ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. మిగతా ఎనిమిది మందికి మాత్రం పక్కనున్నది దొంగో, దొరో తెలియదు. కాసేపటికి ఓ శవం బయటపడుతుంది. వెంటనే చాట్‌లో గోల మొదలు. "రెడ్ మీద డౌట్‌గా ఉంది", "బ్లూ అసలు మాట్లాడట్లేదేంటి?", "గ్రీన్‌ను గెంటేద్దాం".. చూస్తుండగానే ఓట్లు పడిపోతాయి. ఒకరిని నౌక బయటకు తోసేస్తారు. తీరా చూస్తే ఆ మనిషి దొంగే కాదు!

అమాంగ్ అస్ ఆడేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఓడిపోయాక చాలామంది "ఆ ఇంపోస్టర్ భలే ఆడాడు" అని సరిపెట్టుకుంటారు. కానీ చాలా ఆటల్లో దొంగను గెలిపించేది అతని తెలివి కాదు, అమాయకుల తొందరపాటు. మీటింగ్‌లో గట్టిగా మాట్లాడినవాడి మాట చెల్లడం, మౌనంగా ఉన్నవాడు బలైపోవడం.. దొంగకు కావాల్సింది కూడా ఇదే.

మరి దాక్కున్న దొంగను పట్టే పద్ధతి ఏంటి? అనుభవం ఉన్న ఆటగాళ్లు ఏం గమనిస్తారు? ఎప్పుడు ఓటేయాలి, ఎప్పుడు ఆగాలి? ఆ వివరాలు ఇవీ..

మాస్కోలో పుట్టి.. మొబైల్‌లోకి వచ్చి..

ఈ తరహా ఆటలను సోషల్ డిడక్షన్ గేమ్స్ అంటారు. వీటికి మూలం 'మాఫియా' అనే ఆట. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో దిమిత్రీ దవిదోవ్ దీన్ని తయారుచేశారు. రాత్రి అందరూ కళ్లు మూసుకుంటారు. మాఫియా సభ్యులు మాత్రం కళ్లు తెరిచి ఎవరిని చంపాలో సైగలతో నిర్ణయిస్తారు. తెల్లారాక ఊరంతా కూర్చుని, ఎవరు మాఫియానో చర్చించి ఓటేస్తారు. 1997లో అమెరికాకు చెందిన ఆండ్రూ ప్లాట్‌కిన్ ఇదే ఆటకు 'వేర్‌వుల్ఫ్' అని తోడేలు మనుషుల వేషం కట్టారు. అక్కడి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది.

అమెరికన్ సంస్థ ఇన్నర్‌స్లాత్ 2018 జూన్‌లో అమాంగ్ అస్‌ను విడుదల చేసినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో కరోనా వల్ల జనం ఇళ్లకే పరిమితమైన రోజుల్లో సీన్ మారిపోయింది. ట్విచ్, యూట్యూబ్ స్ట్రీమర్లు ఆడటంతో ఆట ఒక్కసారిగా ఊపందుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 2న మన దేశంలో పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లపై నిషేధం పడింది. అదే సీజన్‌లో ఇక్కడి కుర్రాళ్ల ఫోన్లలోకీ అమాంగ్ అస్ వచ్చి చేరింది. అక్టోబర్ 20న అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ ఎన్నికల ప్రచారంలో భాగంగా ఈ ఆట ఆడితే, ఒకే సమయంలో 4 లక్షల మందికి పైగా లైవ్‌లో చూశారు. ఏడాది చివర్లో ది గేమ్ అవార్డ్స్‌లో బెస్ట్ మల్టీప్లేయర్, బెస్ట్ మొబైల్ గేమ్ అవార్డులు రెండూ దీనికే దక్కాయి.

తెలుగు ఇళ్లలో ఇలాంటి ఆట ఎప్పటి నుంచో ఉంది. అదే రాజు, రాణి, దొంగ, పోలీస్ చీటీల ఆట. చీటీలు కలిపి విసిరేస్తే, పోలీస్ చీటీ వచ్చినవాడు దొంగ ఎవరో చెప్పాలి. అక్కడ పోలీసుకు ముఖం తప్ప మరో ఆధారం ఉండదు. అమాంగ్ అస్ అలా కాదు. ఇందులో గదులున్నాయి, దారులున్నాయి, కెమెరాలున్నాయి, సమయం ఉంది, ఓట్ల చరిత్ర ఉంది. ఇన్ని ఆధారాలు చేతిలో పెట్టుకుని కూడా చాలామంది చీటీల ఆటలో లాగే ముఖం చూసి ఊహిస్తారు. తప్పు జరిగేది అక్కడే.

రూల్స్ క్లుప్తంగా..

క్రూమేట్లు తమకిచ్చిన టాస్కులన్నీ పూర్తి చేసినా, ఇంపోస్టర్లందరినీ ఓటేసి బయటకు పంపినా గెలిచినట్టే. ఇంపోస్టర్లు ఒక్కొక్కరినీ చంపుకుంటూ వెళ్తారు. బతికున్న క్రూమేట్ల సంఖ్య ఇంపోస్టర్ల సంఖ్యకు సమానమైతే ఆట ముగిసినట్టే, గెలుపు దొంగలదే. శవం కనిపిస్తే రిపోర్ట్ చేయొచ్చు. ఎమర్జెన్సీ బటన్ నొక్కి కూడా మీటింగ్ పెట్టొచ్చు. ఓట్లు సమానంగా వచ్చినా, స్కిప్‌కు ఎక్కువ వచ్చినా ఎవరూ బయటకు వెళ్లరు. చనిపోయినవారు దెయ్యాలుగా మారి టాస్కులు చేయొచ్చు కానీ బతికున్నవారితో మాట్లాడలేరు.

సైలెంట్‌గా ఉంటే దొంగేనా?

"వాడి గొంతు మారింది", "నవ్వుతున్నాడు, కచ్చితంగా వాడే".. వాయిస్ కాల్‌లో ఆడేటప్పుడు ఈ మాటలు మామూలే. అబద్ధం చెబితే మనిషిని చూసి కనిపెట్టేయగలమని అందరికీ నమ్మకం. పరిశోధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. అమెరికా సైకాలజిస్టులు చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో ఈ అంశంపై అప్పటిదాకా జరిగిన 200కు పైగా అధ్యయనాలను కలిపి విశ్లేషించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. మాట తీరును బట్టి నిజమా, అబద్ధమా అన్నది జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. అంటే తేడా నాలుగు శాతమే!

ఆటలో ఈ 54 శాతం కూడా అనుమానమే. కొత్తగా ఆడేవాడు కంగారుపడతాడు. ఇంగ్లిష్ చాట్‌లో వేగంగా టైప్ చేయలేనివాడు సైలెంట్ అయిపోతాడు. నెట్ సరిగా లేనివాడు ఒకే చోట నిలబడిపోతాడు. వీళ్లలో ఎవరూ దొంగలు కాకపోవచ్చు. మరోవైపు పది గేమ్‌లు ఇంపోస్టర్‌గా ఆడినవాడు గొంతు వణక్కుండా అబద్ధం చెప్పేస్తాడు. అందుకే "ఎలా మాట్లాడాడు?" అన్నది పక్కనపెట్టి "ఏం చెప్పాడు? అది మ్యాప్‌తో సరిపోతుందా?" అని చూడటం మేలు.

ముందు అమాయకులను తీసేయండి

అనుభవజ్ఞులు మొదట చేసే పని దొంగను వెతకడం కాదు. ఎవరు దొంగ కాదో తేల్చడం. ఇది ఎందుకు పనిచేస్తుందో చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది.

పది మందిలో మీరు క్రూమేట్ అనుకోండి. మిగిలిన 9 మందిలో 2 దొంగలు. కళ్లు మూసుకుని ఒకరి పేరు చెబితే అది సరైనదయ్యే అవకాశం 22 శాతం. ముగ్గురు నిజంగా అమాయకులని తేలిపోతే అనుమానితులు 6 మందే. అవకాశం 33 శాతానికి చేరుతుంది. ఐదుగురు తేలిపోతే మిగిలేది నలుగురు. అప్పుడు 50 శాతం. దొంగ గురించి ఒక్క ఆధారం కూడా దొరక్కుండానే వలను ఇంతగా బిగించొచ్చన్నమాట.

అమాయకులను తేల్చే దారులు కొన్ని ఉన్నాయి. స్కెల్డ్ మ్యాప్‌లో మెడ్‌బే స్కాన్ అలాంటిది. విజువల్ టాస్కులు ఆన్‌లో ఉంటే, స్కాన్ చేసేటప్పుడు ఆటగాడి చుట్టూ ఆకుపచ్చ కాంతి కనిపిస్తుంది. ఇంపోస్టర్ ఆ ప్లేటు మీద నిలబడినా కాంతి రాదు. వెపన్స్ గదిలో గ్రహశకలాలను పేల్చేటప్పుడు తుపాకీ కదలడం కూడా ఇలాంటిదే. అయితే చాలామంది హోస్టులు విజువల్ టాస్కులు ఆఫ్ చేసి పెడతారు. అందుకే ఆట మొదలుకాకముందే లాబీలో సెట్టింగ్స్ చదవాలి. అది చూడకుండా "స్కాన్ కనిపించలేదు, వీడే దొంగ" అంటే అమాయకుడిని చేజేతులా పంపినట్టే.

హత్య జరిగిన సమయంలో మీ పక్కనే ఉన్నవారు ఆ హత్య చేయలేదు. ఇదీ గట్టి ఆధారమే. కానీ దొంగలు ఇద్దరుంటారు కాబట్టి, ఆ హత్య చేయనంత మాత్రాన పూర్తిగా అమాయకుడని అనలేం. ఒక హత్యకు క్లియర్ అయినవాడిని, ఆట మొత్తానికి క్లియర్ అయినవాడిని వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

ఎక్కడ? ఎప్పుడు? ఎవరితో?

మీటింగ్ మొదలవగానే చాలామంది చేసే పొరపాటు.. "బాడీ ఎలక్ట్రికల్‌లో ఉంది, ఎవరున్నారు అక్కడ?" అని అడగడం. ఆ ఒక్క మాటతో దొంగకు జవాబు అందించేసినట్టే. "నేను నావిగేషన్‌లో ఉన్నా" అని నౌకలో ఆ చివరి గది పేరు చెప్పేస్తాడు.

దీనికి విరుగుడు ఒకటుంది. శవం ఎక్కడుందో రిపోర్ట్ చేసిన మనిషికే తెలుసు. ఆ సంగతి కాసేపు దాచి, ముందు అందరినీ "ఎక్కడున్నారు?" అని అడగాలి. దొంగకు శవం ఎక్కడుందో తెలుసు కాబట్టి దూరంగా ఉన్న గది పేరే చెబుతాడు. అప్పుడు ఆ గదిలో నిజంగా ఉన్నవాళ్లు "నువ్వు ఇక్కడ లేవే!" అంటారు. కొన్నిసార్లు ఇంకా తేలిగ్గా దొరుకుతాడు. ఎవరూ చెప్పకముందే "నేను ఎలక్ట్రికల్ వైపే వెళ్లలేదు" అని నోరు జారతాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. "ఏ గదిలో ఉన్నావ్?" అన్న ప్రశ్నకు దొంగ ముందే జవాబు సిద్ధం చేసుకుంటాడు. "ఆ గదికి ఏ దారిలో వెళ్లావ్? మధ్యలో ఎవరు కనిపించారు? లైట్లు పోయినప్పుడు ఎక్కడున్నావ్?" అంటే తడుముకుంటాడు. అక్కడికి నిజంగా వెళ్లినవాడు జ్ఞాపకం నుంచి చెబుతాడు. వెళ్లనివాడు అప్పటికప్పుడు అల్లాలి. అల్లినదాంట్లో ఇంకొకరి పేరు చెప్పాల్సి వస్తే అబద్ధం బయటపడే అవకాశం రెట్టింపవుతుంది. ఎందుకంటే ఆ ఇంకొకరు కూడా అక్కడే కూర్చుని వింటున్నారు.

దారుల లెక్క తెలియాలంటే మ్యాప్ కంఠతా రావాలి. స్కెల్డ్‌లో ఎలక్ట్రికల్, మెడ్‌బే, సెక్యూరిటీ.. ఈ మూడు గదుల వెంట్లు లోపల్లోపల కలిసే ఉంటాయి. ఎలక్ట్రికల్‌లో చంపి రెండు సెకన్లలో మెడ్‌బేలో తేలొచ్చు. కాబట్టి "నేను మెడ్‌బేలో ఉన్నా, అంత దూరం ఎలా వస్తా?" అన్న వాదన ఈ మూడు గదుల విషయంలో చెల్లదు. అదే మనిషి మెడ్‌బేలోకి తలుపు గుండా వస్తుంటే చూసిన సాక్షి ఉంటే మాత్రం కథ వేరు.

టాస్కుల అబద్ధం దొరికేది ఇలా..

ఇంపోస్టర్‌కు టాస్కులు ఉండవు. చేస్తున్నట్టు నటించాలి. ఆ నటనలో మూడు చోట్ల దొరుకుతాడు.

మొదటిది కామన్ టాస్క్. స్కెల్డ్‌లో అడ్మిన్ గదిలో కార్డు స్వైప్ చేయడం, వైర్లు కలపడం కామన్ టాస్కులు. ఇవి వస్తే అందరికీ వస్తాయి, లేకపోతే ఎవరికీ రావు. మీ లిస్టులో కార్డు స్వైప్ లేకపోయినా ఒకడు స్వైప్ మెషిన్ దగ్గర నిలబడ్డాడంటే.. నటిస్తున్నట్టే.

రెండోది సమయం. డేటా డౌన్‌లోడ్ లాంటి టాస్కు పూర్తవడానికి కాసేపు ఆగాలి. ఒకడు వచ్చి రెండు సెకన్లలో కదిలాడంటే అనుమానించొచ్చు.

మూడోది టాస్క్ బార్. ఒకడు టాస్కు ముగించి వెళ్లిపోయినా పైన ఉన్న పచ్చ గీత కదల్లేదంటే గమనించాలి. అయితే ఇది ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. రెండు మూడు చోట్ల చేయాల్సిన టాస్కులో ఒక భాగం పూర్తయినా బార్ కదలకపోవచ్చు. కొన్ని రూమ్‌లలో బార్ మీటింగ్‌లో మాత్రమే మారేలా పెడతారు. కొన్నింటిలో అసలు కనిపించదు.

కెమెరా, అడ్మిన్ టేబుల్.. చీకట్లో చూపు!

స్కెల్డ్‌లో సెక్యూరిటీ గదిలో కూర్చుంటే నాలుగు కెమెరాలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా నడవాలనే చూపిస్తాయి. గదిలోకి ఎవరు వెళ్లారు, ఎవరు బయటకు రాలేదు అన్నది తెలుసుకోవడానికి అది చాలు. ఎవరైనా చూస్తుంటే కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అది దొంగకూ కనిపిస్తుంది కాబట్టి, కెమెరాల ముందు హత్య చేయకపోవడం పెద్ద వింతేమీ కాదు.

అడ్మిన్ టేబుల్ ఏ గదిలో ఎంతమంది ఉన్నారో చూపిస్తుంది. ఎవరన్నది చెప్పదు. కానీ "స్టోరేజ్‌లో నలుగురం ఉన్నాం" అని ఒకరు చెబితే, ఆ సమయంలో టేబుల్ మీద ముగ్గురే కనిపించి ఉంటే.. లెక్క తప్పింది ఎవరిదో అడగొచ్చు. మూసి ఉన్న గదిలో ఒక గుర్తు మాయమై, వెంటనే వెంట్ కలిసే మరో గదిలో ప్రత్యక్షమైతే అది నడిచి వెళ్లడం కాదు.

లైట్లు పోయినప్పుడు ఇంకో చిక్కుముడి దొరుకుతుంది. క్రూమేట్లకు చూపు తగ్గిపోతుంది. ఇంపోస్టర్‌కు తగ్గదు. చీకట్లో "ఆ మూల నుంచి పింక్ రావడం చూశా" అని దూరంగా జరిగినదాన్ని ఎవరైనా వివరిస్తే, అంత దూరం ఎలా కనిపించిందని అడగాలి. అబద్ధమాడిన దొంగ కాదు, నిజం చెప్పిన దొంగ దొరికే అరుదైన సందర్భమిది.

ఓటు కూడా సాక్ష్యమే

మాటలు మర్చిపోవచ్చు. ఓట్లు మిగులుతాయి. హోస్ట్ అనానిమస్ ఓటింగ్ పెట్టకపోతే ఎవరు ఎవరికి ఓటేశారో రంగులతో సహా కనిపిస్తుంది. ఒక దొంగ దొరికిన వెంటనే వెనక్కి వెళ్లి చూడాల్సింది ఇదే. గత మీటింగ్‌లో అతన్ని వెనకేసుకొచ్చింది ఎవరు? చర్చను పక్కదారి పట్టించింది ఎవరు? అందరూ ఓటేశాక, ఇక తప్పదని తెలిశాక ఆఖర్లో ఓటేసింది ఎవరు?

అయితే తెలివైన దొంగ తన జతగాడిని తానే పట్టించి మంచివాడి ముద్ర వేయించుకుంటాడు. కాబట్టి "దొంగకు ఓటేశాడు కాబట్టి మంచివాడు" అనే లెక్క ఎప్పుడూ నిలబడదు. ఆ ఓటు ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. ఎవరికీ అనుమానం లేనప్పుడు మొదటగా వేలు చూపినవాడికి, ఐదుగురు ఓటేశాక ఆరోవాడిగా చేరినవాడికి చాలా తేడా ఉంది.

తప్పుడు ఓటుతో ఒక అమాయకుడు వెళ్లిపోయినప్పుడు కూడా ఇదే పని చేయాలి. ఆ ప్రచారం మొదలుపెట్టింది ఎవరు? పొరపాటు పడినవాడు సాధారణంగా తర్వాతి రౌండ్‌లో వెనక్కి తగ్గుతాడు. ప్రతి రౌండ్‌లోనూ కొత్త పేరు పట్టుకొచ్చి గట్టిగా వాదించేవాడి మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఎప్పుడు ఆగాలి? ఎప్పుడు ఓటేయాలి?

ఇద్దరు దొంగలు మిగిలి ఉన్నారనుకుందాం. ఒక రౌండ్‌లో ఒక్కొక్కరు ఒక్కో హత్య చేయగలరనుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

8 మంది బతికుంటే (6 అమాయకులు, 2 దొంగలు): ఒక తప్పు ఓటు పడినా 5, 2. తర్వాత ఇద్దరు చనిపోయినా 3, 2తో ఇంకో మీటింగ్‌కు అవకాశం ఉంటుంది. "వీడు చంపుతుంటే చూశా" అని ఒకరు, "కాదు, వాడే చంపాడు" అని ఇంకొకరు వాదించుకుంటున్నప్పుడు ఒకరిని పంపి చూడొచ్చు. అతను దొంగ కాదని తేలితే రెండోవాడు దొరికినట్టే.

7 మంది ఉంటే (5, 2): స్కిప్ చేస్తే, ఇద్దరు చనిపోయినా 3, 2 మిగులుతారు. తప్పు ఓటేస్తే 4, 2 అవుతారు. ఆపై రెండు హత్యలు జరిగితే 2, 2. ఆట ముగిసింది. అంటే బలమైన ఆధారం లేకపోతే ఇక్కడ స్కిప్ చేయడమే తెలివి.

6 మంది ఉంటే (4, 2): స్కిప్ చేసినా రెండు హత్యలు జరిగితే ఓటమే. తప్పు ఓటేస్తే ఒక్క హత్య చాలు. ఉన్న ఆధారాల్లో బలమైనది ఏదో ఇప్పుడే తేల్చుకోవాలి.

5 మంది ఉంటే (3, 2): తప్పు ఓటు పడితే అక్కడికక్కడే ఓటమి. స్కిప్ చేస్తే ఒక్క హత్య దూరం. ఇక ఆగడానికి లేదు. సరైన ఓటే దిక్కు.

ఒక్క దొంగే మిగిలితే 4 మంది దగ్గర ఆగొచ్చు. ముగ్గురు మిగిలాక ఆగకూడదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. గెలవడానికి దొంగ దొరకాల్సిన అవసరమే లేదు. టాస్కులు పూర్తయినా గెలుపే. చనిపోయినవాళ్లు కోపంతో గేమ్ వదిలి వెళ్లిపోకుండా తమ టాస్కులు ముగిస్తే, చివరి రౌండ్‌లో అదే ప్రాణం నిలబెడుతుంది.

కళ్లారా చూసినా నమ్మలేని రోజులు

"వెంట్‌లోంచి రావడం నా కళ్లతో చూశా".. ఒకప్పుడు ఈ మాటతో కేసు క్లోజ్. 2021 నవంబర్‌లో కొత్త రోల్స్ వచ్చాక ఆ ధీమా పోయింది. ఇంజినీర్ రోల్ వచ్చిన క్రూమేట్ కూడా వెంట్ వాడొచ్చు. షేప్‌షిఫ్టర్ అయితే ఇంకొకరి రూపంలోకి మారిపోతాడు. రంగు, పేరు అన్నీ వాళ్లవే. మీరు చూసింది ఎల్లో చంపడం కావొచ్చు, చంపింది మాత్రం ఎల్లో కాకపోవచ్చు. 2024లో కాసేపు మాయమయ్యే ఫాంటమ్ కూడా వచ్చి చేరాడు.

అంతమాత్రాన సాక్ష్యం పనికిరాదని కాదు. అడగాల్సిన ప్రశ్న మారింది. అదే సమయంలో ఎల్లోను మరోచోట ఎవరైనా చూశారా? చూసి ఉంటే షేప్‌షిఫ్టర్ ఉన్నట్టు. అప్పుడు వెతకాల్సింది ఎల్లోను కాదు, ఆ సమయంలో ఎవరికీ కనిపించకుండా పోయినవాడిని.

గణితం ఏం చెబుతోంది?

మార్క్ బ్రేవర్‌మన్, ఒమిద్ ఎతెసామీ, ఎల్హనన్ మోసెల్ అనే ముగ్గురు పరిశోధకులు మాఫియా ఆటను గణితంతో పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. ఎవరు ఎవరో తనిఖీ చేసే డిటెక్టివ్ లేని ఆటలో, పోటీ సమంగా ఉండటానికి మాఫియా సంఖ్య ఊరి జనాభా వర్గమూలం స్థాయిలో ఉంటే చాలని తేల్చారు. అంటే జనం నాలుగు రెట్లు పెరిగినా, మాఫియా రెండు రెట్లు పెరిగితే సరిపోతుంది. అదే డిటెక్టివ్ ఉంటే ఆ పప్పులు ఉడకవు. ఊరు ఎంత పెరిగితే మాఫియా కూడా అదే నిష్పత్తిలో పెరగాలి.

దీని సారాంశం ఒక్కటే. గుంపు పెద్దదైనంత మాత్రాన బలం రాదు. సమాచారం ఉన్న కొద్దిమంది, సమాచారం లేని ఎంతోమందిని ఓడించగలరు. సరిచూసుకునే దారి ఒక్కటి దొరికినా బలాబలాలు తారుమారవుతాయి. అమాంగ్ అస్‌లో ఆ డిటెక్టివ్ పని స్కాన్, అడ్మిన్ టేబుల్, ఓట్ల చరిత్ర, ఎదురు ప్రశ్న.. ఇవే చేయాలి.

ఆట దాటి బయటకు వస్తే..

గేమ్‌లో తప్పు ఓటు పడితే పోయేది పది నిమిషాలు. ఇంకో రౌండ్ మొదలుపెట్టొచ్చు. బయట అలా కుదరదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్తగా కనిపించినవాళ్లు, అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయినవాళ్లు దెబ్బలు తిన్నారు. ప్రాణాలూ పోయాయి. దేశంలో పలుచోట్ల ఇలాంటి ఘటనలు జరగడంతో, ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

అక్కడ జరిగిందీ, మీటింగ్ స్క్రీన్ మీద జరిగేదీ చూస్తే ఆలోచన తీరు ఒక్కటే. భయం ముందొస్తుంది, పేరు తర్వాత వస్తుంది, ఆధారం అసలు రాదు. "ఎవరు చూశారు? ఎక్కడ? ఎప్పుడు?" అని అడిగే మనిషి గుంపులో ఒక్కడున్నా చాలాసార్లు కథ మారిపోతుంది.

ఈ ఆట ఆడే పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తెలియనివాళ్లతో పబ్లిక్ రూమ్‌లో ఆడేటప్పుడు చాట్‌లో బూతులు, వ్యక్తిగత ప్రశ్నలు రావొచ్చు. 2021లో గేమ్‌లోకి క్విక్ చాట్ వచ్చింది. సొంతంగా టైప్ చేయకుండా ముందే సిద్ధంగా ఉన్న వాక్యాలనే ఎంచుకునే పద్ధతి ఇది. చిన్న పిల్లలకు అదే మేలు. ఫ్రెండ్స్‌తో ప్రైవేట్ రూమ్‌లో ఆడితే ఇంకా మంచిది. పైగా క్విక్ చాట్‌లో గదుల పేర్లు, రంగులు ఉంటాయి కాబట్టి దొంగను పట్టే పని ఏమీ ఆగదు.

మీటింగ్‌లో ఓటేసే ముందు ఈ ఐదు చూసుకోండి

1. శవం ఎక్కడుందో చెప్పకముందే అందరూ ఎక్కడున్నారో చెప్పారా?

2. వాళ్లు చెప్పిన చోటు, దారి, సమయం మ్యాప్‌తో సరిపోతున్నాయా? మధ్యలో వెంట్ ఉందా?

3. ఇప్పటిదాకా కచ్చితంగా క్లియర్ అయినవాళ్లు ఎంతమంది? మిగిలింది ఎంతమంది?

4. ఈ పేరు మొదట ఎవరి నోట వచ్చింది? గత మీటింగ్‌లో వాళ్లు ఎవరికి ఓటేశారు?

5. ఈ ఓటు తప్పయితే ఆట మిగులుతుందా?

ఐదో ప్రశ్నకు 'మిగలదు' అని, మొదటి నాలుగింటికి 'తెలియదు' అని జవాబొస్తే, ఇంకా ఆగే వీలుంటే.. స్కిప్ బటన్ పక్కనే ఉంది. మీరు తొందరపడి ఓటేయాలని ఆ గదిలో అందరికంటే ఎక్కువ కోరుకునేది దొంగే!